అన్నవాహిక సమస్య ఉన్నప్పుడు రక్తపరీక్షలో వాపు సూచికలు ఎలా చదవాలి

గుండెల్లో మంట నెలల తరబడి తగ్గదు. లేదా ముద్ద గొంతు దాటి రొమ్ము మధ్య ఆగిపోతుంది. రక్తపరీక్ష చేయిస్తే సీఆర్‌పీ (వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్) మామూలుగా ఉంటుంది, ఇసినోఫిల్స్ (అలర్జీల్లో పెరిగే ఒక రకం తెల్లకణాలు) కాస్త ఎక్కువగా ఉంటాయి, ఎన్‌ఎల్‌ఆర్ (న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు అనే రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి) 3 దాటిందని ఎవరో లెక్కగట్టి చెబుతారు. ఇక అక్కడి నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఒకటే: ఇంతకీ అన్నవాహికలో వాపు ఉన్నట్టా, లేనట్టా?

ఒక్క విషయం ముందే గట్టిగా పట్టుకోండి. రక్తం చెప్పేది ఒళ్లంతా ఎలా స్పందిస్తోందన్న సంగతి. అన్నవాహిక గొంతు నుంచి కడుపు దాకా ఉండే దాదాపు 25 సెంటీమీటర్ల గొట్టం. దాని లోపలి పొర ఒరుసుకుపోయి పుండ్లు పడినా రక్తంలో ఆనవాలు లేకపోవచ్చు. కాబట్టి ఈ అంకెలు ఎండోస్కోపీకి (కెమెరా గొట్టంతో లోపల చూడటం), బయాప్సీకి (చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూడటం) బదులు రావు. అయితే సరిగ్గా లెక్కగట్టి, సరైన చోట వాడితే బాగానే పనికొస్తాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు. అందులో తెల్లకణాల మొత్తం, ఐదు రకాల కణాల శాతాలు, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) ఉండాలి.
- సీఆర్‌పీ, అల్బుమిన్ (రక్తంలోని ముఖ్యమైన ప్రోటీన్). ఈఎస్‌ఆర్ (వాపును సూచించే మరో పరీక్ష) ఉంటే సరే, లేకపోయినా నష్టం లేదు.
- హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే పరీక్ష).
- గత ఏడాది, రెండేళ్లలో చేయించిన పాత రిపోర్టులు. వీటి విలువ చాలామందికి తెలియదు. కొత్త పరీక్ష కన్నా పాత కాగితమే ఎక్కువ చెప్పే సందర్భాలు ఉంటాయి.
- గత నెలలో వాడిన మందుల పేర్లు, తేదీలు.
- క్యాలిక్యులేటర్.

1. అసలు అంకెల కోసం ఆగే పరిస్థితేనా?

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా రిపోర్టు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

- బలంగా వాంతి అయిన తర్వాత ఛాతీలో తీవ్రమైన నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మెడ చర్మం కింద నొక్కితే గాలి బుడగల్లా చిటపటలాడటం. అన్నవాహిక చిరిగి ఉండవచ్చు. మొదటి గంటల్లో తెల్లకణాలు, సీఆర్‌పీ మామూలుగానే కనిపించవచ్చు.
- పిల్లలు బటన్ బ్యాటరీ మింగడం, లేదా మింగారన్న అనుమానం. రెండు గంటల్లోనే పొర కాలిపోవడం మొదలవుతుంది. ఇక్కడ రక్తపరీక్షతో పని లేదు, ముందు ఎక్స్‌రే తీయాలి.
- యాసిడ్, బాత్‌రూమ్ క్లీనర్ లాంటివి మింగడం. వాంతి చేయించకండి. లోపలికి వెళ్తూ ఒకసారి కాల్చిన ద్రవం బయటికి వస్తూ మళ్లీ కాలుస్తుంది.
- రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం.
- ముద్ద ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోవడం.

మరో రకం సూచనలు గంటల్లో ప్రాణం మీదికి తేవు, అయినా వాయిదా వేయకూడదు. మింగుడు పడకపోవడం వారం వారం పెరగడం (మొదట గట్టి పదార్థాలు, తర్వాత మెత్తనివి, ఆపై నీళ్లు), కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత అలాంటివి. వీటిలో ఏదైనా ఉంటే సీఆర్‌పీ ఎంత వచ్చినా సరే, ఎండోస్కోపీ చేయించాల్సిందే. 'రక్తం బాగానే ఉంది కదా' అని నెలలు గడిపేయడమే ఈ విషయంలో జరిగే అతి పెద్ద నష్టం.

2. నమూనా ఇచ్చేటప్పుడు

సీబీపీకి, సీఆర్‌పీకి పరగడుపు అక్కర్లేదు. సమయం మాత్రం ముఖ్యం. ఇసినోఫిల్స్ ఉదయం తక్కువగా, రాత్రికి ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే కార్టిసాల్ హార్మోన్ వాటిని అణచి ఉంచుతుంది, అది ఉదయం పూట ఎక్కువ. ఒకసారి ఉదయం 8 గంటలకు, మరోసారి సాయంత్రం 6 గంటలకు ఇచ్చిన నమూనాలను పోల్చి 'పెరిగింది' అనుకోవడం పొరపాటు. ప్రతిసారీ ఒకే సమయం, వీలైతే ఒకే ల్యాబ్.

ముందు రోజు భారీ వ్యాయామం వద్దు. జలుబు, జ్వరం, పంటి చీము, విరేచనాలు ఉంటే, తొందర లేని పరీక్షను తగ్గిన రెండు వారాల తర్వాతికి జరపండి. స్టెరాయిడ్ వాడుతుంటే పరీక్ష కోసం మీ అంతట మీరు ఆపవద్దు. ఎంత మోతాదు, ఏ తేదీ నుంచి అన్నది కాగితం మీద రాసుకోండి, చాలు.

3. లెక్కకు ముందు రిపోర్టునే తనిఖీ చేయండి

- ఐదు రకాల కణాల శాతాలు కూడితే 100 రావాలి. 99, 101 అయితే దశాంశాల సర్దుబాటు. 96 వచ్చిందంటే ఏదో తప్పు పడింది, ల్యాబ్‌ను అడగండి.
- హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే దాదాపు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) శాతం వస్తుంది. హిమోగ్లోబిన్ 13 అయితే హెమటోక్రిట్ 39 చుట్టూ ఉండాలి. ఎర్రకణాలు బాగా చిన్నవైనప్పుడు కొంత తేడా సహజం. అలాంటిదేమీ లేకుండా పెద్ద తేడా ఉంటే నమూనాను అనుమానించాలి.
- ప్లేట్‌లెట్లు అనుకోకుండా చాలా తక్కువ వచ్చి, ఒంటి మీద ఎక్కడా రక్తస్రావ లక్షణాలు లేకపోతే, రిపోర్టు అడుగున 'ప్లేట్‌లెట్లు గుంపులుగా ఉన్నాయి' అన్న వాక్యం కోసం చూడండి. సీబీపీ గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా కలిపే ఈడీటీఏ వల్ల కొందరిలో అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, యంత్రం తక్కువగా లెక్కిస్తుంది. సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీస్తే అసలు సంఖ్య తెలుస్తుంది.
- సీఆర్‌పీ పక్కన ఉన్న కొలమానం తప్పకుండా చదవండి. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు. డెసిలీటరుకు 0.8 అంటే లీటరుకు 8. ఒక రిపోర్టులో 0.8, మరో రిపోర్టులో 8 చూసి పదింతలు పెరిగిందని బెంబేలెత్తిపోతారు. రెండూ ఒకటే.

4. లెక్క కట్టడం

శాతాలు చూసి నిర్ణయానికి రావద్దు. ముందు అసలు సంఖ్యలు తేల్చాలి. ఒక రిపోర్టు ఇలా ఉందనుకోండి: తెల్లకణాలు 8,400, న్యూట్రోఫిల్స్ 62 శాతం, లింఫోసైట్లు 26, ఇసినోఫిల్స్ 7, మోనోసైట్లు 4, బేసోఫిల్స్ 1, ప్లేట్‌లెట్లు 2.9 లక్షలు.

- న్యూట్రోఫిల్స్ సంఖ్య: 8,400 × 62 ÷ 100 = 5,208
- లింఫోసైట్ల సంఖ్య: 8,400 × 26 ÷ 100 = 2,184
- ఇసినోఫిల్స్ సంఖ్య (ఏఈసీ): 8,400 × 7 ÷ 100 = 588
- ఎన్‌ఎల్‌ఆర్, అంటే న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగించడం: 5,208 ÷ 2,184 = 2.4
- పీఎల్‌ఆర్, అంటే ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగించడం: 2,90,000 ÷ 2,184 = 133
- ఎస్‌ఐఐ, అంటే ప్లేట్‌లెట్లను ఎన్‌ఎల్‌ఆర్‌తో గుణించడం. ఇక్కడ ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి: 290 × 2.38 = దాదాపు 690

సరిచూసుకోవడం తేలిక. ఎన్‌ఎల్‌ఆర్‌ను శాతాలతో లెక్కించినా అదే రావాలి (62 ÷ 26 = 2.4). రాకపోతే గుణకారంలో ఎక్కడో తప్పింది. పీఎల్‌ఆర్‌కు ఈ అడ్డదారి పనిచేయదు. ప్లేట్‌లెట్లను లింఫోసైట్ల శాతంతో భాగిస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు. అలాగే లక్షల్లో ఉన్న 2.9ని అలాగే వాడితే 0.001 లాంటి అంకె వస్తుంది. అది చూసి ఏదో ప్రమాదమనుకోకండి, సున్నాలు మరిచిపోయారంతే.

ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. ఏఈసీ 500 లోపు మామూలు, 1,500 దాటితే ఆ కారణాన్నే విడిగా వెతకాలి. సీఆర్‌పీకి చాలా ల్యాబ్‌లు లీటరుకు 5 మిల్లీగ్రాముల గీత పెడతాయి, కొన్ని 10. పీఎల్‌ఆర్‌కు, ఎస్‌ఐఐకి అందరూ ఒప్పుకున్న గీత లేదు, మీ పాత అంకెతోనే పోల్చుకోండి.

ఇసినోఫిల్స్ శాతం దగ్గర చాలామంది పడిపోతారు. తెల్లకణాలు 4,000 ఉన్న వ్యక్తికి 8 శాతం అంటే 320 మాత్రమే, మామూలు. తెల్లకణాలు 12,000 ఉన్నవారికి 5 శాతం అంటే 600, ఎక్కువ. రిపోర్టులో మొదటిదాని పక్కన ఎర్ర బాణం ఉంటుంది, రెండోదాని పక్కన ఉండదు.

చిన్నపిల్లలకు ఈ హద్దులు వర్తించవు. నాలుగైదేళ్ల వయసు దాకా లింఫోసైట్లే ఎక్కువ, ఎన్‌ఎల్‌ఆర్ 1 కన్నా తక్కువ ఉండటం సహజం.

5. లక్షణాల పక్కన పెట్టి చదవండి

మంట, పుల్లటి త్రేన్పులు (యాసిడ్ రిఫ్లక్స్). ఈ అంకెలన్నీ మామూలుగా ఉండటమే ఎక్కువ. పొర దెబ్బతిన్న తీరును ఎండోస్కోపీలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు గ్రేడులుగా రాస్తారు. సందేహం మిగిలితే 24 గంటల పీహెచ్ పరీక్ష చేస్తారు. అందులో ఆమ్లం తగిలిన సమయం 4 శాతం లోపు ఉంటే మామూలు, 6 శాతం దాటితే రిఫ్లక్స్ ఖాయం. ఈ నిర్ధారణలో సీఆర్‌పీకి చోటు లేదు. అందుకే సీఆర్‌పీ మామూలుగా ఉందని మందు మానేయడం, ఎన్‌ఎల్‌ఆర్ 3.2 వచ్చిందని మోతాదు పెంచుకోవడం రెండూ తప్పే.

ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. ఎక్కువ ప్రశ్నలు వచ్చేది దీని గురించే, కాబట్టి కాస్త ఆగి చూద్దాం. ఆస్తమా, తుమ్ములు, చర్మ అలర్జీలు ఉన్న యువకుల్లో గట్టి ముద్ద పదే పదే ఇరుక్కుంటోందంటే దీన్ని అనుమానించాలి. ఇసినోఫిల్స్ ఇక్కడ అన్నవాహిక పొరలోకి చేరి కూర్చుంటాయి. రక్తంలో సంఖ్య పెరిగినా సాధారణంగా స్వల్పంగానే పెరుగుతుంది, చాలామందిలో అసలు పెరగదు. అందుకే ఏఈసీ 250 వచ్చినా జబ్బు లేదని చెప్పలేం, 700 వచ్చినా ఉందని చెప్పలేం. తేల్చేది బయాప్సీ. మైక్రోస్కోపులో పెద్దగా చూపే ఒక్క వృత్తంలో 15 లేదా అంతకు మించి ఇసినోఫిల్స్ కనిపించాలి. ఇవి పొరంతా సమానంగా పరుచుకుని ఉండవు, ఒక చోట గుంపుగా, పక్కనే ఖాళీగా ఉంటాయి. కాబట్టి రెండు వేర్వేరు ఎత్తుల నుంచి కనీసం ఆరు ముక్కలు తీయాలి. పైకి పొర మామూలుగా కనిపించినా తీయాలి. ఎండోస్కోపీకి వెళ్లే ముందే డాక్టరును ఈ మాట అడగండి. 'చూశాం, బాగానే ఉంది' అని ముక్కలు తీయకుండా పంపిస్తే ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

అలర్జీల కోసం చేసే ఐజీఈ రక్తపరీక్షలో 'పాలు పాజిటివ్, గోధుమ పాజిటివ్' అని వచ్చినంత మాత్రాన అన్నవాహికను ఇబ్బంది పెడుతున్నది అవేనని తేలదు. ఆ కాగితం చూసి పిల్లల ఆహారం తెగ్గోయకండి. ఏ పదార్థం ఆపాలి, ఎన్నాళ్లు ఆపాలి అన్నది డాక్టరు పర్యవేక్షణలో ఆపి, మళ్లీ బయాప్సీ చేసి తేల్చుకోవాల్సిన సంగతి.

అకలేజియా. అన్నవాహిక అడుగున కండరం సడలకపోవడం వల్ల ఘనం, ద్రవం రెండూ ఆగుతాయి. రక్తంలో సాధారణంగా ఏమీ కనిపించదు, మానోమెట్రీ (అన్నవాహిక లోపలి ఒత్తిడిని కొలిచే పరీక్ష) తేలుస్తుంది. ఇందులో సీఆర్‌పీ, తెల్లకణాలు పెరిగితే ముందు ఊపిరితిత్తుల వైపు చూడాలి. నిలిచిపోయిన ఆహారం రాత్రి పడుకున్నప్పుడు శ్వాసనాళంలోకి జారి న్యుమోనియా వచ్చి ఉండవచ్చు.

మింగేటప్పుడు నొప్పి, నోట్లో తెల్లటి పూత. ఫంగస్ కావచ్చు. ఇక్కడ ఎన్‌ఎల్‌ఆర్ కన్నా లింఫోసైట్ల సంఖ్య చూడండి. 1,000 కన్నా తక్కువగా ఉండి అలాగే కొనసాగుతుంటే రోగనిరోధక శక్తి ఎందుకు తగ్గిందో వెతకాలి, హెచ్‌ఐవీ పరీక్ష కూడా అందులో భాగం. ఆస్తమా ఇన్‌హేలర్ వాడి నోరు పుక్కిలించని వారికి కూడా ఈ పూత రావచ్చు.

క్యాన్సర్. ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్న రోగుల్లో ఫలితాలు సగటున బాగా లేవన్నది వైద్యులకు తెలిసిందే. కానీ అది వందల మందిని కలిపి చూసినప్పుడు కనిపించే ధోరణి. ఒక మనిషి భవిష్యత్తు దాంతో చెప్పలేం. తొలిదశ క్యాన్సర్‌లో ఈ అంకెలన్నీ మామూలుగా ఉండవచ్చు కాబట్టి క్యాన్సర్ ఉందో లేదో కనిపెట్టడానికి ఇవి పనికిరావు. చికిత్సకు ముందు అంచనాకు సీఆర్‌పీ, అల్బుమిన్ కలిపి వాడే పద్ధతి ఒకటుంది: సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు తక్కువైతే 0, దాటితే 1, దాటడంతో పాటు అల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాముల కన్నా తక్కువుంటే 2. స్కోరు 2 వచ్చిందంటే చికిత్స మొదలయ్యేలోపే పోషణ సంగతి చూడాలని అర్థం చేసుకోండి. అక్కడ మనం చేయగలిగింది నిజంగా ఉంటుంది.

రేడియేషన్ తీసుకున్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి. లింఫోసైట్లు రేడియేషన్‌ను అస్సలు తట్టుకోలేవు. వాటి సంఖ్య పడిపోయి ఎన్‌ఎల్‌ఆర్, పీఎల్‌ఆర్ రెండూ ఎగబాకుతాయి. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ తీసుకుంటే న్యూట్రోఫిల్స్ ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ అంకెలు చూసి జబ్బు ముదిరిందని రాత్రంతా ఏడ్చే కుటుంబాలు ఉంటాయి. ముందు చికిత్స తేదీలు పక్కన రాసి చూడండి.

అన్నవాహిక ఆపరేషన్ తర్వాత. రక్తపు సూచిక బాగా పనికొచ్చే చోటు ఇది. ఆపరేషన్ అయ్యాక సీఆర్‌పీ అందరిలోనూ పెరుగుతుంది, రెండో, మూడో రోజున గరిష్ఠానికి చేరుతుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 19 గంటలు పడుతుంది కనుక, లోపల కొత్త వాపు లేకపోతే ఆ తర్వాత రోజూ స్పష్టంగా దిగాలి. రెండో రోజు 210, మూడో రోజు 190, నాలుగో రోజు 120, ఐదో రోజు 70 అన్న వరస నిమ్మళమైనది. అదే 210, 190 తర్వాత 205, 240 అని మళ్లీ ఎక్కితే, జ్వరం లేకపోయినా సరే, కుట్టిన చోట కారుతోందేమోనని డాక్టర్లు సీటీ స్కాన్ గానీ ఎండోస్కోపీ గానీ చేస్తారు. ఆ రోజుల్లో ఒక్క అంకె అడగకండి, వరస అడగండి.

6. వేరే కారణాలను తీసేయండి

ముందు స్టెరాయిడ్లు. పైన లెక్కగట్టిన వ్యక్తే ఆస్తమా కోసం ఐదు రోజులు స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నాక వచ్చే రిపోర్టు ఇలా ఉండవచ్చు: తెల్లకణాలు 13,200, న్యూట్రోఫిల్స్ 82 శాతం, లింఫోసైట్లు 12, మోనోసైట్లు 6, ఇసినోఫిల్స్ 0. ఎన్‌ఎల్‌ఆర్ 2.4 నుంచి 6.8కి ఎగిరింది, ఏఈసీ 588 నుంచి సున్నాకు పడింది. ఇన్‌ఫెక్షన్ లేదు, అలర్జీ నయం కాలేదు. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ను స్టెరాయిడ్ రక్తంలోకి వదిలింది, ఇసినోఫిల్స్‌ను, లింఫోసైట్లను రక్తం నుంచి తప్పించింది. ఈ రిపోర్టు చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం ఒక తప్పు. ఇసినోఫిలిక్ జబ్బు లేదని కొట్టేయడం ఇంకో తప్పు.

మిగతావి ఒక్కొక్కటే చూసుకోండి.

- ఏఈసీ ఎక్కువ: నులిపురుగులు, ఆస్తమా, చర్మ అలర్జీ, కొత్త మందు పడకపోవడం. అన్నవాహికను నిందించే ముందు మల పరీక్ష చేయించండి.
- సీఆర్‌పీ 5 నుంచి 10 మధ్య: స్థూలకాయం, పొగ తాగడం, చిగుళ్ల వాపు కూడా ఇంత వరకు పెంచగలవు.
- సీఆర్‌పీ అసహజంగా తక్కువ: దాన్ని తయారు చేసేది కాలేయం. కాలేయం బాగా దెబ్బతిన్నవారిలో అది పెరగాల్సినంత పెరగదు.
- ఈఎస్‌ఆర్ ఎక్కువ: వయసుతో పెరుగుతుంది, రక్తహీనతలో పెరుగుతుంది, గర్భిణుల్లో పెరుగుతుంది. పురుషులకు వయసులో సగం, స్త్రీలకు వయసుకు 10 కలిపి అందులో సగం దాకా మామూలేనన్నది వాడుకలో ఉన్న లెక్క.
- ప్లేట్‌లెట్లు, పీఎల్‌ఆర్ ఎక్కువ: ఇనుము లోపం ఒక్కటే ఈ పని చేయగలదు. ఎంసీవీ 80 కన్నా తక్కువుందేమో చూడండి.

ఈ చివరిదాన్ని దాటేసి వెళ్లవద్దు. అన్నవాహిక పుండు నుంచో, హయటస్ హెర్నియా (కడుపు పై భాగం ఛాతీలోకి జరగడం) దగ్గరి గీతల్లాంటి పుండ్ల నుంచో కొద్ది కొద్దిగా రక్తం పోతుంటే కంటికి కనబడదు. హిమోగ్లోబిన్, ఎంసీవీ మెల్లగా దిగుతాయి, ప్లేట్‌లెట్లు ఎక్కుతాయి. దీర్ఘకాలంగా ఇనుము లోపం ఉన్నవారిలో గొంతు కింద పల్చటి పొర ఏర్పడి మింగుడు పడకపోవడమూ ఉంది. ఫెర్రిటిన్ చదివేటప్పుడు సీఆర్‌పీని పక్కన పెట్టుకోండి. వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ పెరిగి, లోపాన్ని కప్పేస్తుంది. సీఆర్‌పీ 40 ఉన్న రోజున ఫెర్రిటిన్ 60 వచ్చిందంటే ఇనుము సరిపడా ఉందని నమ్మలేం.

7. మళ్లీ ఎప్పుడు చేయించాలి

అనుకోని అంకె ఒక్కసారి వస్తే దాని మీద ఏ నిర్ణయమూ వద్దు. తొందర లేని పరిస్థితైతే మూడు, నాలుగు వారాల తర్వాత అదే సమయంలో, అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. సీఆర్‌పీ గంటల్లో మారుతుంది. అల్బుమిన్ సగానికి తగ్గడానికి దాదాపు 20 రోజులు పడుతుంది, వారం వారం చూసి లాభం లేదు. ఎన్‌ఎల్‌ఆర్ 2.4 నుంచి 2.8కి మారితే దాన్ని మార్పు అనుకోకండి, ఒకే మనిషిలో రోజుల తేడాతో అంత ఊగిసలాట ఉంటుంది.

ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ చికిత్స ఫలించిందా అన్నది ఏఈసీతో తేలదు, లక్షణాలు తగ్గడంతో కూడా పూర్తిగా తేలదు. ఇరుక్కోవడం తగ్గిందనుకునే చాలామంది బాగా నమలడం, ప్రతి ముద్దకు నీళ్లు తాగడం, గట్టి పదార్థాలు మానేయడం అలవాటు చేసుకుని ఉంటారు. చికిత్స మొదలైన 8 నుంచి 12 వారాలకు మళ్లీ బయాప్సీ చేస్తేనే తెలుస్తుంది.

8. డాక్టరు దగ్గరికి ఒకే కాగితం

నిలువుగా తేదీలు, అడ్డంగా ఏడు గడులు గీయండి: తెల్లకణాలు, ఎన్‌ఎల్‌ఆర్, ఏఈసీ, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, సీఆర్‌పీ (కొలమానంతో సహా), అల్బుమిన్. చివరి గడి పక్కన కొంత ఖాళీ వదిలి ఆ తేదీన ఉన్న మందులు, జ్వరం, ఇరుక్కున్న సందర్భాలు, బరువు రాయండి. బరువు మరిచిపోకండి. మింగుడు పడని మనిషి విషయంలో తూకం యంత్రం చెప్పేది చాలాసార్లు ఎన్‌ఎల్‌ఆర్ కన్నా ముందే చెబుతుంది.

ఆ కాగితంతో అడగాల్సినవి మూడే: ఎండోస్కోపీ ఎప్పుడు, పొర మామూలుగా కనిపించినా బయాప్సీ ముక్కలు తీస్తారా, ఇప్పుడు వాడుతున్న మందుల్లో ఏదైనా ఆ పరీక్షకు ముందు ఆపాలా. చివరి ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే యాసిడ్ తగ్గించే మాత్రలు, స్టెరాయిడ్లు బయాప్సీలో కనిపించాల్సిన ఇసినోఫిల్స్‌ను తగ్గించగలవు. ఆపాలా వద్దా, ఎన్ని రోజుల ముందు అన్నది ఆయన చెప్పాకే చేయండి.